మీ ఫోటోలో ఉన్నది తూజా కాదండి, కాయ చూస్తే తెలుస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటితోట పేజీలో ఒక ఫోటో వేశారు. గేటుకి అటొకటి ఇటొకటి, దీపం ఒత్తిలాగా కోలగా పెరిగిన రెండు పచ్చటి మొక్కలు. కింద తూజా అని రాసి, హోమియోలో పులిపిర్లకి వాడే మందు ఈ మొక్కతోనే చేస్తారని ఇంకో లైను కలిపారు. ఆ ఒక్క లైను కోసమే ఈ ఉత్తరం రాస్తున్నానండి. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను, ఉండేది కడియానికి దగ్గర్లోనే, రోజూ పొద్దున నడిచే దారంతా నర్సరీలే, ఈ మొక్కల్ని నేను చూడని రోజుండదు, అందుకే చదివి ఊరుకోలేకపోయాను.

ఆ ఫోటోలో ఉన్నది ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్. హిందీ వాళ్ళు మోర్‌పంఖి అంటారు, మన నర్సరీల్లో తూజా అనే అమ్ముతారు. దాని సొంత ఊరు చైనా, కొరియా వైపు. హోమియో మందు చేసేది తూజా ఆక్సిడెంటాలిస్ తోటి, అది కెనడా తూర్పు వైపూ అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ చల్లటి నేలల్లో పెరిగే చెట్టు. రెండూ సైప్రస్ కుటుంబానివే, కుప్రెసేసీ అంటాం, చుట్టాలే అనుకోండి, కానీ చుట్టమైనంత మాత్రాన ఒకరి మందుచీటీ ఇంకొకరికి పనికిరాదు కదా.

ఊరికే పేరు తప్పు పడిందని మాత్రమే నేనిది రాయట్లేదండి. రెండేళ్ళ కిందట మా వెనక వీధిలో ఒక పిల్లాడికి చేతి మీద పులిపిర్లు వస్తే, వాళ్ళ నాయనమ్మగారు ఎవరో చెప్పారని వాకిట్లో ఉన్న ఈ మొక్క రెమ్మలు కోసి, రోట్లో నూరి, పులిపిర్ల మీద కట్టు కట్టారు. మర్నాటికి ఆ చెయ్యి మోచేతి దాకా ఎర్రగా దద్దుర్లెక్కి పిల్లాడు ఒకటే ఏడుపు. స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే వారం రోజులకి తగ్గింది. ఆవిడ పాపం నా దగ్గరికొచ్చి, తూజా అంటే మందే కదమ్మా, నేనేం తప్పు చేశాను అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ తప్పేం లేదు, మొక్క కొన్నప్పుడు దానికి కట్టిన ట్యాగు మీదే తూజా అని ఉంది, నర్సరీ పేరు నేను చెప్పను, ఎందుకంటే ఒక్క నర్సరీ అని కాదు, అందరూ అలాగే రాస్తున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి, అసలు తూజా అయినా సరే ఇంట్లో నూరి వాడేది కాదు, దాని ఆకు నూనెలో తుజోన్ అనే పదార్థం ఉంటుంది, కడుపులోకి ఎక్కువ పోతే నరాల మీద పని చేసి ఫిట్స్ కూడా రావొచ్చు. అందుకని దయచేసి ఆ లైనుకి సవరణ వెయ్యండి.

ఇప్పుడు ఆ రెంటినీ ఎలా గుర్తుపట్టాలో చెప్తాను, చదువు లేనివాళ్ళు కూడా రెండు నిమిషాల్లో పట్టెయ్యొచ్చు. మీ వాకిట్లో మొక్క దగ్గరికెళ్ళి ఒక రెమ్మ చూడండి. రెమ్మ మొత్తం నొక్కి అతికించినట్టు చదునుగా ఉంటుంది, విసనకర్రలాగా. మన ప్లాటిక్లాడస్‌లో ఆ విసనకర్రలన్నీ నిలువుగా నిలబడతాయి, అలమరలో పుస్తకాలు సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి. అటు చూసినా ఇటు చూసినా పచ్చదనం ఒకటే. అసలు తూజాలో అవి పడుకుని ఉంటాయి, చెయ్యి చాపి అరచెయ్యి నేలకేసి పెట్టినట్టు, పైన ముదురు పచ్చ, కింద కొంచెం వెలిసిన పచ్చ.

అయినా అనుమానం తీరకపోతే కాయ చూడండి. కాయ అన్నాను గానీ పుస్తకం ప్రకారం అది శంకువు, పైన్ చెట్టు కోన్ లాంటిదే. మన మొక్క కాయ లేతగా ఉన్నప్పుడు భలే ఉంటుంది, ద్రాక్షపండు మీద ఉన్నట్టే నీలం బూడిద రంగు పూత, వేలితో రాస్తే పోతుంది, లోపల కండగా గట్టిగా ఉంటుంది, ప్రతి పొలుసు కొనకీ వెనక్కి వంగిన చిన్న కొమ్ము. మా చిన్నప్పుడు కొమ్ముల కాయలు అనేవాళ్ళం వాటిని, స్కూలు కాంపౌండులో ఏరుకుని జేబుల్లో వేసుకునేవాళ్ళం, ఆకు రెమ్మ పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందని దాచుకునేవాళ్ళం కూడా. ఎండాక అదే కాయ గోధుమరంగు చెక్క పువ్వులాగా విచ్చుకుంటుంది, లోపల నుంచి లావు బియ్యపు గింజంత గింజలు రాలతాయి, వాటికి రెక్క ఉండదు. అసలు తూజా కాయకి ఆ కండా ఉండదు, కొమ్ములూ ఉండవు, పల్చటి పొలుసులతో సన్నగా కోలగా ఉంటుంది, గింజకి రెండు పక్కలా పొరలాంటి రెక్క ఉండి గాలికి ఎగురుతుంది. ఇంత తేడా ఉంది కాబట్టే శాస్త్రజ్ఞులు రెంటినీ విడదీశారు. 1753లో లిన్నేయస్, అదే మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు, దీన్ని కూడా తూజాలోనే కలిపి తూజా ఓరియెంటాలిస్ అన్నాడు, తర్వాత కొన్నాళ్ళు బయోటా అన్నారు, 1949 నుంచి ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్ అంటున్నాం. అంటే మన ట్యాగుల మీద నడుస్తున్నది లిన్నేయస్ కాలం నాటి పేరు. ఆ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల్ని కలిపి పెట్టే గుంపులో, బతికున్నది ఈ ఒక్క జాతే, ఇంకోటి లేదు. చైనాలో పాత గుళ్ళ ప్రాంగణాల్లో వందల ఏళ్ళ చెట్లున్నాయి, బీజింగ్ నగరం తన నగర వృక్షాల్లో ఒకటిగా దీన్ని పెట్టుకుంది. అంత చరిత్ర ఉన్న చెట్టుని మనం వేరేవాళ్ళ పేరుతో పిలవడం నాకు నిజంగా బాధ అనిపిస్తుంది.

సరే, తూజా ఒక్కటే కాదు. బుర్రిలంక, కడియపులంక, వేమగిరి, ఈ నర్సరీల్లోకి వెళ్ళి సైప్రస్ కావాలని అడిగి చూడండి, నాలుగు రకాల మొక్కలు తెచ్చి ముందు పెడతారు. వాళ్ళని తప్పు పట్టట్లేదు, అంటు కట్టడంలోనూ మొక్క బతికించడంలోనూ వాళ్ళ చేతిలో ఉన్న విద్య నా డిగ్రీల్లో లేదు. కాకపోతే పేరు దగ్గర మాత్రం ఎవరూ ఆగట్లేదు. దానివల్ల కొనేవాళ్ళకి డబ్బు పోతుంది. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి గోల్డెన్ సైప్రస్ అని నాలుగు మొక్కలు కొన్నాడు, నిమ్మపండు రంగులో మెత్తగా ఉన్నాయి, ఆకు నలిపితే వాసన కూడా నిమ్మ వాసనే. ఎండకి బాగా తట్టుకుంటాయి సార్ అని చెప్పారంట. మే నెల వచ్చేసరికి నాలుగూ లోపల నుంచి గోధుమరంగు తిరిగి ఎండిపోయాయి, వీడేమో రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఫోటో పంపితే చూసి చెప్పాను, అది గోల్డ్‌క్రెస్ట్ అనే రకం, మాంటెరీ సైప్రస్ లోంచి వచ్చింది. ఆ జాతి అడవిలో సొంతంగా పెరిగేది కాలిఫోర్నియా ఒడ్డున మాంటెరీ దగ్గర రెండే రెండు చిన్న తోపుల్లో, సైప్రస్ పాయింట్, పాయింట్ లోబోస్. ఎప్పుడూ సముద్రపు పొగమంచు, చల్లటి గాలి. దాన్ని తెచ్చి హైదరాబాద్ మేలో సిమెంటు గచ్చు పక్కన కుండీలో పెడితే ఏం బతుకుతుంది? ఊటీలో ఇదే మాంటెరీ సైప్రస్ పెద్ద పెద్ద చెట్లయి ఉంది, అక్కడి చలికి సరిపోయింది. మొక్క అసలు పేరు తెలిస్తే అది ఎక్కడిదో తెలుస్తుంది, ఎక్కడిదో తెలిస్తే మన ఎండకి ఆగుతుందో లేదో కొనకముందే తెలిసిపోతుంది. అదే వాడు ప్లాటిక్లాడస్ కొనుంటే ఈపాటికి గేటంత ఎత్తు వచ్చుండేది, మన ఎండలకి అది బాగానే ఆగుతుంది.

మూడోది జూనిపర్. బోన్సాయ్ చేసేవాళ్ళు ఎక్కువ కొంటారు. దీంట్లో తమాషా ఏంటంటే ఒకే మొక్క మీద రెండు రకాల ఆకులుంటాయి, లేత కొమ్మల మీద ముట్టుకుంటే గుచ్చుకునే సూదుల్లాంటివి, ముదురు కొమ్మల మీద కొమ్మకి అంటుకుపోయిన చిన్న పొలుసులు. చైనా జూనిపర్ కుండీ ఒకటి తెచ్చి క్లాసులో బల్ల మీద పెడితే పిల్లలు రెండు మొక్కలు అంటు కట్టారా మేడమ్ అని అడిగేవాళ్ళు. ఈ కుటుంబంలో చాలా వాటికి చిన్నతనంలో సూది ఆకులే వస్తాయి, పెద్దయ్యాక పొలుసాకులు వస్తాయి. కొన్ని రకాలు ఎంత పెద్దవైనా ఆ పసి ఆకులతోనే ఉండిపోతాయి. ఇది తెలియక 19వ శతాబ్దంలో యూరప్ తోటల వాళ్ళు అలాంటి మొక్కలన్నిటికీ రెటినోస్పోరా అని విడిగా ఒక ప్రజాతి పేరే తగిలించి అమ్మారు, తర్వాత చూస్తే అవన్నీ తూజాల, ఈ కుటుంబంలోదే ఇంకో ప్రజాతి అయిన కమేసిపారిస్‌ల పసి రూపాలే అని తేలింది. కాబట్టి ఆకు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు. జూనిపర్ కాయ చూస్తే ఇంక అనుమానమే ఉండదు, పొలుసులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి కండపట్టి నీలం రంగు పండులాగా ఉంటుంది, చూసినవాళ్ళెవరూ అది కోన్ అనుకోరు. ఆయుర్వేదంలో హపుష అంటారు చూడండి, అది హిమాలయాల్లో దొరికే ఈ జూనిపర్ కాయే. లడఖ్‌లో ఇంకో జూనిపర్ జాతిని శుక్పా అంటారు, బౌద్ధ ఆరామాల్లో దాని రెమ్మలే ధూపం వేస్తారు.

నాలుగోది క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరౌకేరియా. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చుట్టూ చాపినట్టు ఉంటుంది కదా, అది అసలు సైప్రస్ కుటుంబమే కాదు, అరౌకేరియేసీ అని వేరే కుటుంబం. గుర్తుపట్టడం చాలా సులువు. ఇందాక చెప్పిన సైప్రస్ కుటుంబపు మొక్కల్లో పొలుసాకులు ఎదురెదురుగా జతలు జతలుగా వస్తాయి, ఒక జత తూర్పు పడమర అయితే పై జత ఉత్తర దక్షిణం, లెన్సు పెట్టి చూస్తే జడ అల్లినట్టు కనిపిస్తుంది. అరౌకేరియాలో ఆ జతలుండవు, ఆకులు కొమ్మ చుట్టూ మెలిక తిరుగుతూ వస్తాయి.

ఇక డిసెంబర్ వస్తే మా వీధిలో క్రిస్మస్‌కి సరుగుడు కొమ్మ తెచ్చి నక్షత్రాలు కడతారు, చూడముచ్చటగా ఉంటుంది, చాలామంది అది కూడా పైనో సైప్రసో అనుకుంటారు. కాదండి. సరుగుడు పూలు పూసే చెట్టు, వేప, మామిడి ఎలాగో అదీ అలాగే ఆవృతబీజం. మనం సూది ఆకు అనుకునేది ఆకు కాదు, సన్నటి కొమ్మ. సముద్రం పక్క ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఒక ఆట గుర్తుండే ఉంటుంది, ఆ సూదిని ఒక కణుపు దగ్గర పట్టుకు లాగి, మళ్ళీ అలాగే గుచ్చేసి, ఎక్కడ విరిచానో చెప్పు అని అడిగేవాళ్ళం. ఈసారి ఆ ఆట ఆడినప్పుడు విరిచిన చోట లెన్సు పెట్టి చూడండి, కణుపు చుట్టూ కిరీటంలాగా ఏడెనిమిది పళ్ళు కనిపిస్తాయి, అవీ సరుగుడు అసలు ఆకులు. సైప్రస్‌లో కణుపుకి రెండేసి ఉంటే దీనికి ఏడెనిమిది. దాని చిన్న ముళ్ళకాయ కూడా కోన్ కాదు, బోలెడు పూలు కలిసి చెక్కలాగా గట్టిపడ్డ కాయల గుత్తి. మా పిల్లలు ఇంటర్ పరీక్షలో వివృతబీజాలకి, అంటే పైన్, సైప్రస్ లాంటి పూలు పూయని కోన్ చెట్లకి, ఉదాహరణ రాయమంటే సరుగుడు రాసి మార్కు పోగొట్టుకునేవాళ్ళు, ఒకసారి కొమ్మ చేతికిచ్చి విరిపించాక మళ్ళీ ఎవ్వరూ రాయలేదు.

పేర్లు శాస్త్రజ్ఞులే మార్చుకుంటూ ఉంటారు కదా, మనకెందుకు ఈ గొడవ అని నన్ను చాలామంది అడిగారు. నిజమే, మారుస్తారు. అమెరికా వాయవ్య తీరంలో నూట్కా సైప్రస్ అని ఒక చెట్టుంది. 1824లో దాన్ని కుప్రెసస్, అంటే సైప్రస్ ప్రజాతి, అన్నారు, తర్వాత చాలా కాలం కమేసిపారిస్ అన్నారు. 1999లో వియత్నాం కొండల్లో ఎవరికీ తెలియని ఒక సైప్రస్ దొరికింది, దానికీ దీనికీ పోలిక ఉందని 2002లో రెంటినీ కలిపి జాంతోసైపారిస్ అని కొత్త ప్రజాతి పెట్టారు, అంతలో ఎవరో 1864 నాటి కాలిట్రాప్సిస్ అనే పాత పేరు బయటికి తీశారు, పాత పేరుకే హక్కు కాబట్టి మళ్ళీ చర్చ. ఇదంతా చాదస్తం కాదండి. బ్రిటన్‌లో 1888లో లేలాండ్ సైప్రస్ అనే హైబ్రిడ్ పుట్టింది, ఈ నూట్కాకీ ఇందాక చెప్పిన మాంటెరీ సైప్రస్‌కీ పుట్టిన బిడ్డ అది. ఒకదాన్ని ఒక ప్రజాతిలో, ఇంకోదాన్ని వేరే ప్రజాతిలో పెట్టుకుని మరి వాటికి బిడ్డ ఎలా పుట్టింది అని ఆలోచించాల్సి వచ్చింది. అలా ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మళ్ళీ కాయ దగ్గరికి, ఆకు దగ్గరికి, ఇప్పుడైతే డీఎన్ఏ దగ్గరికి వెళ్ళి చూస్తారు, చూసి మారుస్తారు. మనం చూడకుండా రాస్తున్నాం, బాధంతా అక్కడే.

నా సర్వీసులోనే ఇంకో పెద్ద మార్పు చూశాను. మేం చదువుకున్నప్పుడు రెడ్‌వుడ్ చెట్టు, అదే సెకోయా, టాక్సోడియేసీ కుటుంబం అని రాసేవాళ్ళం. 1976లో ఎకెన్‌వాల్డర్ అనే ఆయన ఆ కుటుంబాన్ని కుప్రెసేసీలో కలిపెయ్యాలి అని ప్రతిపాదించాడు, తర్వాత డీఎన్ఏ పరీక్షలు కూడా అదే చెప్పాయి, ఇప్పుడు సెకోయా మన గేటు ముందు మొక్కకి కుటుంబ సభ్యురాలే. నాకు ఇది చదివితే మనసుకి ఎక్కలేదు, నిజం చెప్పాలంటే చూశాకే ఎక్కింది. మా అమ్మాయి శాన్‌హోజేలో ఉంటుంది, అక్కడి మన తెలుగువాళ్ళు ఊరి నుంచి ఎవరొచ్చినా మ్యూర్ వుడ్స్ అనే రెడ్‌వుడ్ అడవికి తీసుకెళ్తారు, నన్నూ తీసుకెళ్ళింది. డెబ్బై మీటర్లు దాటిన చెట్లు, తలెత్తితే మెడ పట్టేస్తుంది, అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం కింద చూస్తూ నడిచాను. దారి పక్కన ఒక కోన్ పడుంది, రేగుపండంత, అంతే. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు జాతి, అందులో హైపీరియన్ అనే చెట్టయితే 115 మీటర్లు దాటింది, దాని కాయ నా అరచేతిలో సగం కూడా లేదు. పక్కనే గాలికి విరిగిపడ్డ కొమ్మ ఒకటి, బాగా పైనుంచి పడ్డట్టుంది. కింది కొమ్మల ఆకులు చదునుగా దువ్వెన పళ్ళలాగా ఉంటే, ఈ కొమ్మ మీద ఆకులు చిన్న పొలుసుల్లాగా కొమ్మకి అంటుకుని ఉన్నాయి. చూడగానే ఇంటి దగ్గరి సైప్రస్ రెమ్మలే గుర్తొచ్చాయి. ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి చెప్పిన చుట్టరికం అక్కడ వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. అక్కడి నుంచి ఏదీ తీసుకుపోకూడదు కాబట్టి కోనూ కొమ్మా రెండూ దొరికిన చోటే పెట్టేసి వచ్చాను.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. కాశ్మీర్ సైప్రస్ అని ఒక జాతి ఉంది, వెండి నీలం రంగులో రెమ్మలు జడల్లాగా వేలాడతాయి, అంత అందమైన చెట్టు ఇంకోటి లేదని నా అభిప్రాయం. 1867లో తోటలో పెంచిన మొక్కని చూసి కాశ్మీర్ పేరు పెట్టారు, తీరా చూస్తే అది కాశ్మీర్ అడవుల్లో లేదు, భూటాన్‌లోనూ మన అరుణాచల్ ప్రదేశ్‌లోనూ ఉంది. కాశ్మీర్ అని వెతికినవాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఒక్కసారి తప్పు పేరు అచ్చయితే దాన్ని తియ్యడం ఎంత కష్టమో అది చూస్తే తెలుస్తుంది, మీ పేపరు లక్షల ఇళ్ళకి వెళ్తుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను అడిగేవి ఎక్కువ కాదు. ఒకటి, ఆ హోమియో లైనుకి వచ్చే ఆదివారమే సవరణ వెయ్యండి, మొక్క ఫోటో వేసిన సైజులోనే వెయ్యండి, ఎక్కడో మూలన రెండు లైన్లు కాదు. ఇకమీదట మొక్క ఫోటో వేస్తే దూరం నుంచి తీసింది ఒకటి, కాయ దగ్గరగా తీసింది ఒకటి వెయ్యండి, శాస్త్రీయ నామం తెలుగు అక్షరాల్లోనే రాయండి, మన పాఠకులు చదవగలరు. కడియం నర్సరీ రైతులకి కూడా మీ పేపరు ద్వారా ఒక మాట, ట్యాగు మీద గోల్డెన్ సైప్రస్ అని రాసిన చోట కింద ఇంకో లైను అసలు పేరు రాయండి, మీకు సాయం కావాలంటే నాలాంటి రిటైరైన బోటనీ మాస్టార్లు మన జిల్లాలో ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, పిలిస్తే డబ్బు తీసుకోకుండా వచ్చి ఒక పూటలో మీ నర్సరీ మొత్తం చూసి రాసి పెడతారు, నేనైతే రేపే వస్తాను.

ఈ ఉత్తరంతో పాటు కవర్లో రెండు కాయలు పెట్టాను, ఒకటి పచ్చిది, ఒకటి ఎండి విచ్చుకున్నది, రెండూ మా ఇంటి మొక్కవే. పచ్చి కాయ మీకు చేరేసరికి కొంచెం వాడిపోవచ్చు గానీ కొమ్ములు మాత్రం కనిపిస్తాయి. మీ ఇంటితోట పేజీ చూసేవాళ్ళకి ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
కడియం మండలం, తూర్పు గోదావరి జిల్లా